తోడేళ్ళ లెక్క తప్పని నిరూపిద్దామని వెళ్ళి…

నేను వేటకి వెళ్తాను. ముందే చెప్పేస్తే తర్వాత గొడవ ఉండదు. ఉండేది విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్, ఏడాదంతా చేసేది కంప్యూటర్ ముందు ఉద్యోగం. నవంబర్లో థాంక్స్‌గివింగ్ ముందు శనివారం వచ్చిందంటే మాత్రం, తెల్లారకముందే అక్కడికి నాలుగు గంటల దూరంలో, ప్రైస్ కౌంటీ అడవిలో, చెట్టుకి కట్టిన స్టాండ్ మీద జింక కోసం వణుకుతూ కూర్చుని ఉంటాను. మనవాళ్ళ పార్టీల్లో ఈ సంగతి బయటపడితే సగంమంది ప్లేటు పట్టుకుని పక్కకి జరుగుతారు. మిగతా సగం దగ్గరికి జరిగి, "వీసా మీద ఉండి తుపాకీ ఎలా కొన్నావ్?" అని మెల్లగా అడుగుతారు.

వాళ్ళ కోసం ఒక ముక్క. హెచ్1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ ఉంటే మాత్రం మినహాయింపు ఉంది. ఆ లైసెన్స్ కావాలంటే, 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు ఇక్కడ హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసవ్వాలి. నేను 2016లో పన్నెండేళ్ళ పిల్లల మధ్య కూర్చుని పాసయ్యాను. నా పక్కన కూర్చున్న పాపకి నాకన్నా ఎక్కువ మార్కులొచ్చాయి.

ఇక తోడేళ్ళ సంగతి.

నాకు వేట నేర్పింది మా ఆఫీసులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన. ఉత్తరాన ఆయనకి వాళ్ళ నాన్న నుంచి వచ్చిన నలభై ఎకరాల అడవి, అందులో ఒక చెక్క క్యాబిన్ ఉన్నాయి. క్యాబిన్లో పొయ్యి పక్కన మేకుకి ఒక నోట్‌బుక్ వేలాడుతూ ఉంటుంది. ఏ రోజు ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎన్ని జింకలు కనబడ్డాయి, గాలి ఎటు వీచింది, అన్నీ అందులో రాస్తారు. 1996 పేజీలో మొదటిసారి "తోడేలు జాడ?" అని ఉంది. నాలుగైదేళ్ళ తర్వాతి పేజీల్లో ఆ ప్రశ్నార్థకం లేదు. అక్కణ్ణుంచి జింకల అంకెలు తగ్గుతూ వచ్చాయి. పన్నెండు, తొమ్మిది, నాలుగు. 2019లో నేను మూడు రోజులు కూర్చుని నా చేత్తో రాసినవి సున్నా, సున్నా, ఒకటి.

పెద్దాయనకి ఆ నోట్‌బుక్ చాలు, వేరే సాక్ష్యం అక్కర్లేదు. "గవర్నమెంటువాళ్ళు తోడేళ్ళు వెయ్యి అంటారు. రెండు వేలు లేకపోతే నా టోపీ నీకిచ్చేస్తాను" అనేవారు. ఆ క్యాబిన్‌కి వేటకొచ్చే మా క్యాంపులో అందరిదీ అదే మాట. కొన్నాళ్ళకి నాదీ అదే అయింది. చలిలో తొమ్మిది గంటలు కూర్చుని ఖాళీ చేతులతో దిగేవాడికి ఎవరో ఒకరి మీద కోపం రావాలి కదా.

ఇక్కడి వాళ్ళ కోపం అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. ఒకప్పుడు తోడేలుని చంపి తెస్తే ప్రభుత్వమే డబ్బు ఇచ్చేది. 1957లో ఆ బహుమానం ఆపేసరికి ఆలస్యమైపోయింది, 1960 నాటికి రాష్ట్రంలో తోడేలన్నది లేకుండా పోయింది. 1970ల మధ్యలో పక్కనున్న మిన్నెసోటా నుంచి అవే నడుచుకుంటూ తిరిగొచ్చాయి. ఎవరో ట్రక్కుల్లో తెచ్చి వదిలారని ఇప్పటికీ నమ్మేవాళ్ళున్నారు. విస్కాన్సిన్లో అలా ఎవరూ వదల్లేదు. 1980లో పాతిక ఉండేవి. ఇప్పుడు వెయ్యికి పైనే. 1999లో రాష్ట్రం రాసుకున్న ప్లాన్లో, ఆదివాసీ తెగల సొంత రిజర్వేషన్ భూములు కాక మిగతా చోట్ల ఉండాల్సిన సంఖ్య 350 అని పెట్టుకున్నారు. క్యాంపులో ఎవరిని కదిలించినా ముందు ఈ 350 బయటికొస్తుంది. ఇంట్లో పెద్దలు ఒప్పుకున్న కట్నం లెక్కలా, ఎన్నేళ్ళైనా ఎవరూ మర్చిపోరు.

దానికి తోడు కోర్టులు. 2012లో చంపకూడని జంతువుల ఫెడరల్ రక్షిత జాబితా నుంచి తోడేలుని తీశారు, మూడు సీజన్లు వేట జరిగింది. 2014 డిసెంబర్లో ఒక ఫెడరల్ జడ్జి మళ్ళీ జాబితాలో పెట్టించారు. 2021 జనవరిలో మళ్ళీ తీశారు. 2022 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో కూర్చున్న ఇంకో జడ్జి మళ్ళీ పెట్టించారు. "ఓక్లండ్‌లో తోడేలు ఎక్కడుంది?" అని పెద్దాయన అడిగితే నా దగ్గర సమాధానం లేదు.

ఆ మధ్యలో 2021 ఫిబ్రవరి వేట జరిగింది. తోడేలు జాబితాలో లేకపోతే వేట సీజన్ పెట్టి తీరాలని ఈ రాష్ట్ర చట్టం. నవంబర్ దాకా ఆగుదామని వన్యప్రాణుల శాఖ అనుకుంటే, వేటగాళ్ళ సంఘం ఒకటి కోర్టుకెళ్ళి ఫిబ్రవరిలోనే పెట్టించింది. నేనూ పది డాలర్లు కట్టి లాటరీకి అప్లై చేశాను. 27 వేలమందికి పైగా అప్లై చేస్తే 2,380 మందికి పర్మిట్ తగిలింది. నాకు తగల్లేదు, పెద్దాయనకీ తగల్లేదు. మొత్తం కోటా 200. అందులో 81 ఇక్కడి ఆదివాసులైన ఒజిబ్వే తెగల వాటా, మిగిలిన 119 మాబోటి వాళ్ళది. ఒజిబ్వేలకి తోడేలు తోబుట్టువు లాంటిది, తమ వాటా వాళ్ళు వేటాడలేదు.

ఫిబ్రవరి 22న మొదలైంది. కొత్త మంచు పడి ఉంది, తోడేళ్ళు జతకట్టే కాలం, పైగా అప్పటికి దేశంలో కుక్కలతో తోడేళ్ళని వేటాడనిచ్చే రాష్ట్రం ఇదొక్కటే. కొట్టిన తోడేలుని 24 గంటల్లోపు రిజిస్టర్ చేస్తే చాలు. సీజన్ మూసేయాలంటే శాఖ 24 గంటల ముందు నోటీసివ్వాలి. అంటే గల్లాపెట్టె లెక్క చూసుకునే లోపే కొట్టు ఖాళీ అయిపోయే ఏర్పాటన్నమాట. మూడు రోజులు తిరక్కుండానే 218 పోయాయి. మా వాటా కన్నా 99 ఎక్కువ.

క్యాంపు వాట్సాప్ గ్రూపులో చప్పట్లు మోగాయి. పెద్దాయన రెండు రోజులు ఏమీ రాయలేదు. తర్వాత ఫోన్ చేసి, "తుపాకీ చేతికిచ్చే ముందు నీకు ఏం నేర్పించారు?" అన్నారు. గురి చూసే ముందు దాని వెనకాల ఏముందో చూసుకోవాలని నేర్పించారన్నాను. "వీళ్ళు చూసుకోలేదబ్బాయ్. ఇంక మనకి ఇంకో సీజన్ రాదు, చూస్తూ ఉండు" అన్నారు. ఆయన అన్నట్టే ఆ నవంబర్ సీజన్ని కోర్టు ఆపేసింది, మరుసటి ఫిబ్రవరికి తోడేలు మళ్ళీ జాబితా ఎక్కింది.

ఇదంతా నన్ను ఒకచోటికి తోసింది. గొడవంతా అంకెల మీదే అయినప్పుడు, అసలు లెక్కపెట్టేది ఎవరు? వెతికితే తెలిసింది, 1995 నుంచి ఇక్కడ చలికాలంలో మంచు మీద తోడేళ్ళ జాడలు వెతికే పనిలో మామూలు జనం కూడా ఉన్నారు. జీతం లేదు, పెట్రోలు మనదే. తోడేళ్ళ గురించి ఒక క్లాసు, జాడలు గుర్తుపట్టడానికి ఇంకో క్లాసు వినాలి. తర్వాత ఒక బ్లాక్ అప్పగిస్తారు. చలికాలంలో కనీసం మూడుసార్లు ఆ బ్లాక్ రోడ్లన్నీ తిరగాలి.

లెక్క తప్పని లోపలి నుంచే పట్టుకుందామని 2022 చివర్లో చేరాను. నా మనసులో ఉన్నది అదే, దాచడమెందుకు. మా అమ్మకి ఫోన్లో చెబితే, "ఇంత చదివించింది తోడేళ్ళని లెక్కపెట్టడానికా?" అంది.

క్లాసు ఒక హైస్కూలు గదిలో. బల్ల మీద ప్లాస్టర్‌తో అచ్చుపోసిన పాదాలు వరసగా పెట్టారు. నక్కలాంటి కొయోట్ పాదం రెండున్నర అంగుళాలు ఉంటుంది, తోడేలుది నాలుగున్నర దాకా ఉంటుంది, అది సులువే. పెద్ద కుక్క పాదంతోనే చిక్కు. తేడా పాదంలో కన్నా నడకలో ఎక్కువ తెలుస్తుందని చెప్పారు. ఇంట్లో తిండి తిని షికారుకొచ్చిన కుక్క వంకర్లు తిరుగుతుంది, ప్రతి పొదనీ పలకరిస్తుంది. తోడేలు పనిమీద పోతున్నట్టు తిన్నగా పోతుంది, ముందు కాలు పడ్డ చోటే వెనక కాలు వేస్తుంది. స్లైడ్లు చూసి గుర్తుపట్టమంటే పదింటిలో నాలుగు తప్పు చెప్పాను. అంతవరకూ క్యాంపులో "అది తోడేలే" అని నేను గట్టిగా వాదించిన జాడల్లో ఎన్ని పక్కింటి లాబ్రడార్‌వో ఆ దేవుడికే తెలియాలి.

నా పక్కన కూర్చున్నాయన ఎలుగుబంటి వేటగాడు. వీళ్ళ కుక్కలు వాసన పట్టి ఎలుగుని తరుముతాయి. జులై, ఆగస్టుల్లో వాటికి అడవిలో తర్ఫీదిస్తారు. సరిగ్గా అదే సమయంలో తోడేళ్ళు పిల్లల్ని ఒకచోట పెట్టుకుని కాస్తుంటాయి. భోజనం విరామంలో ఆయన ఫోన్ తీసి మ్యాప్ చూపించాడు. కుక్క మెడలో జీపీఎస్ పట్టీ ఉంటుంది, అది పరిగెత్తిన దారంతా ఎర్ర గీతగా పడుతుంది. గీత వాగు దాటింది, గుట్ట ఎక్కింది, ఒకచోట ముద్దలా చుట్టుకుని ఆగిపోయింది. "ఇక్కడికి నేను చేరేసరికి నలభై నిమిషాలు పట్టింది" అన్నాడు. తర్వాత ఫోన్ లోపల పెట్టేసుకుని శాండ్‌విచ్ తిన్నాడు. తోడేళ్ళు వేటకుక్కని చంపితే రాష్ట్రం 2,500 డాలర్ల దాకా పరిహారం ఇస్తుంది. "ఇచ్చారు. దాని పిల్ల ఇప్పుడు నా దగ్గరుంది. జులైలో దాన్ని ఎక్కడ వదలమంటావు?" అన్నాడు. తోడేళ్ళుండే చోటికి కుక్కల్ని తీసుకెళ్ళడమే తప్పని మాడిసన్‌లో కూర్చుని అనడం తేలిక. నేనూ అన్నవాణ్ణే. ఆ ఎర్ర గీత చూశాక ఆ వాదన అంత నున్నగా నోట్లోంచి రావడం మానేసింది.

మొదటి సర్వే 2023 జనవరిలో. మంచు పడి ఆగిన ఒకటి నుంచి మూడు రోజుల్లోపు వెళ్ళాలి. మరీ వెంటనే వెళ్తే జాడలుండవు, ఆలస్యమైతే మిగతా బళ్ళు తొక్కేస్తాయి. గంటకి పది మైళ్ళ వేగంతో, కిటికీ దించి, తల బయట పెట్టి పోవాలి. తోడుగా వచ్చిన మా ఆవిడ అరగంట ఓపిక పట్టి, "దీనికన్నా నడిచెళ్తే ముందు చేరతాం" అంది. డిసెంబర్లో పడ్డ తడిమంచు బరువుకి చెట్లు రోడ్లకి అడ్డంగా విరిగి పడి ఉన్నాయి. మొదటి రోజు జాడలు చూసినదానికన్నా రంపం పట్టిందే ఎక్కువ.

రెండో రోజు మధ్యాహ్నం దొరికింది. రోడ్డు అంచున ఒకే ఒక వరస, ఒక్క జంతువు నడిచినట్టు. స్కేలు పెట్టి కొలిస్తే నాలుగున్నర అంగుళాలకి కొంచెం తక్కువ. ఒకటే తోడేలని రాసుకోబోయి, క్లాసులో చెప్పింది గుర్తొచ్చి వెంబడి నడిచాను. పావు మైలు దాకా ఒకటే వరస. రోడ్డు మలుపు తిరిగే చోట ఆ వరస ఉన్నట్టుండి విచ్చుకుంది. మూడు పాయలు! మంచు తొక్కే శ్రమ లేకుండా ముందు నడిచిన దాని అడుగులోనే వెనకవి అడుగు వేస్తూ వచ్చాయి. మలుపులో దేనికది అడ్డదారి చూసుకుంది. కొంచెం ముందు, మంచు గట్టు మీద కాలెత్తి పోసిన పసుపు మరక, దాని పక్కనే చిన్న గుండ్రటి ఎర్ర చుక్కలు రెండు. ఆడది ఎదకొచ్చింది. పిల్లల్ని కనే జంట ఇక్కడ ఉందన్నమాట. ఫోటో తీసి, ఓడోమీటర్ అంకె వేసి, ఫారంలో "3" అని రాశాను.

ఆ వారమంతా తిరిగితే నా బ్లాక్‌లో తేలింది రెండు గుంపులు, ఏడు తోడేళ్ళు. ఇరవై దొరుకుతాయనుకుని వెళ్ళినవాణ్ణి. ఒక గుంపు తిరిగే నేల యాభై అరవై చదరపు మైళ్ళుంటుంది. క్యాంపులో ఒక్కో రోజు ఒక్కో స్టాండ్ దగ్గర కనబడ్డవన్నీ వేర్వేరు తోడేళ్ళని మేం కలుపుకుంటూ పోయాం. అవన్నీ ఒకే గుంపులోని నాలుగే కావచ్చు. అలాగని ఈ లెక్క దేవుడి లెక్కేం కాదు. మా జాడలకి, కొన్ని తోడేళ్ళ మెడలో పట్టీలు పంపే సమాచారం కలిపి, ఒక గణిత పద్ధతిలో రాష్ట్రం మొత్తానికి అంచనా కడతారు. ఇంత నుంచి ఇంత దాకా ఉండొచ్చని చెబుతారు. పేపర్లో పడేటప్పుడు మాత్రం మధ్యలో అంకె ఒక్కటే పడుతుంది, దాన్ని పట్టుకుని మేం కొట్టుకుంటాం.

సరిగ్గా అప్పుడే కొత్త మేనేజ్‌మెంట్ ప్లాన్ ముసాయిదా మీద ఎవరైనా అభిప్రాయం రాయొచ్చని గడువిచ్చారు, 2023 ఫిబ్రవరి నెలాఖరు దాకా. అందులో 350 లేదు. ఒకే అంకె బదులు ప్రాంతాన్ని బట్టి చూసుకుంటామన్నారు. క్యాంపులో అందరికీ ఒకటే ఉత్తరం తయారైంది, కింద పేరు పెట్టుకుని పంపడమే. నేను మూడు రాత్రులు కూర్చుని నాది నేను రాసుకున్నాను. తోడేలు ఒక్కోటి ఏడాదికి సుమారు ఇరవై జింకల్ని తింటుందని శాఖ చెప్పేదే. రాష్ట్రం మొత్తం జింకల్లో అది లెక్కలోకి రాదు, నిజమే. కానీ తోడేళ్ళు రాష్ట్రమంతా సమానంగా పరుచుకుని లేవు. దక్షిణాన పొలాల్లో జింకలు కుప్పలుగా ఉంటే, ఉత్తరాన అసలే తక్కువున్న చోట తోడేళ్ళూ ఉన్నాయి. నలభై ఎకరాలున్నవాడికి రాష్ట్ర సగటు చెప్పి ఊరుకోమంటే ఊరుకోడు. ఆ మాట రాశాను. సీజన్ ఉండాలని రాశాను. ఉంటే, కొట్టినది గంటల్లో రిజిస్టర్ కావాలని, పర్మిట్ ఏ జోన్‌కి ఇస్తే ఆ జోన్లోనే చెల్లాలని, 2021లా మళ్ళీ జరిగితే వేటగాళ్ళ మాట ఇంకెవరూ వినరని కూడా రాశాను. చివరి పేరా చదివి క్యాంపులో ఇద్దరు నాతో మాట్లాడటం మానేశారు. ఒకాయన ఇప్పటికీ మాట్లాడడు.

ఆ అక్టోబర్లో ప్లాన్ ఆమోదం పొందింది. సుమారు 800 నుంచి 1,200 మధ్య ఉండొచ్చన్నట్టు రాశారు. రిజిస్టర్ చేసే గడువు తగ్గించడం, జోన్ల పర్మిట్లు అందులో ఉన్నాయి. నా ఉత్తరం వల్లే అనుకునేంత అమాయకుణ్ణి కాను, వేలల్లో వచ్చాయి ఉత్తరాలు. తోడేలు జాబితాలో ఉన్నంతకాలం అవన్నీ కాగితం మీది మాటలే.

నెల తిరిగేసరికి ఆ ఏడాది జింకల సీజన్. తొమ్మిది రోజుల్లో రాష్ట్రం మొత్తం మీద సుమారు 1,74,000 జింకలు పడ్డాయి, ముందు ఏడాది కన్నా 17 శాతానికి పైగా తక్కువ. ఉత్తరాన మరీ ఘోరం. ఊళ్ళలో మీటింగులు, అరుపులు, అన్నీ తోడేళ్ళ మీదే. అంతకు ముందు చలికాలం అక్కడ జింకలకి ఎంత గడ్డుగా గడిచిందో ఆ రంపం పట్టినవాడిగా నాకు తెలుసు. పద్దెనిమిది అంగుళాల మంచున్న రోజుకొక పాయింటు, సున్నా ఫారన్‌హీట్‌కి దిగిన రోజుకొక పాయింటు వేసి చలికాలం తీవ్రత లెక్కగడతారు. తల్లి జింకలు ఎండిపోతే మరుసటి ఏడాది కూనలుండవు. మీటింగులో లేచి ఈ మాట అన్నాను. "తోడేళ్ళవాడు వచ్చాడు" అన్నారు వెనకనుంచి ఎవరో. ఇటు పార్టీల్లో వేటగాణ్ణి, అటు వేటగాళ్ళలో తోడేళ్ళవాణ్ణి.

తర్వాతి చలికాలం మంచే పడలేదు. విస్కాన్సిన్లో రికార్డు వెచ్చదనం. ఎండుటాకుల మీద జాడలేం వెతుకుతాం, ఒక్క సర్వేతో సరిపెట్టుకున్నాను.

2025 ఫిబ్రవరిలో మళ్ళీ వెళ్తుంటే పెద్దాయన తనూ వస్తానన్నారు. అన్నాళ్ళూ "నీ కాకిలెక్కలు" అని నవ్వినాయన, ఎనభైకి దగ్గరవుతూ, ఫ్లాస్కు చంకలో పెట్టుకుని కారెక్కారు. గంటకి పది మైళ్ళు ఆయనకి సరిగ్గా నప్పింది. పదకొండింటికి జాడ దొరికింది. ఒకటే వరస, కల్వర్టు దగ్గర విచ్చుకుంది. రెండుసార్లు అటూ ఇటూ నడిచి చూసుకున్నాను, నాలుగు. పెన్ను గడ్డకట్టి రాయలేదు, పెన్సిల్‌తో "4" వేశాను.

ఈలోపు ఆయన కాఫీ తాగిన పాపానికి రోడ్డు దిగి, మోకాలి లోతు మంచులో ఫర్ చెట్ల వెనక్కి వెళ్ళారు. చాలాసేపు రాలేదు. పడిపోయారేమోనని నాకు టెన్షన్ పట్టుకుంది. "సార్!" అని కేకేస్తే లోపలినుంచి చెయ్యి ఊపారు. వెళ్ళి చూద్దును కదా, చెట్ల వెనకాల, రోడ్డుకి ఇరవై గజాల లోపలగా, ఇంకో వరస ఉంది. అసలు రోడ్డెక్కనే లేదది. మిగతా నాలుగింటికి సమాంతరంగా చెట్లలోనే నడిచి, కల్వర్టు దాటాక వాటిలో కలిసిపోయింది. ఒక అడుగు పక్కన ఆయన తన చేతితొడుగు తీసి కొలతకి పెట్టి ఉంచారు.

"ఐదు రాయి" అన్నారు. "చూశావా? మీ లెక్కలవాళ్ళు ఎప్పుడూ తక్కువే లెక్కపెడతారు."

వేళ్ళు కొంకర్లు పోయి రబ్బరు పట్టు దొరకలేదు. నాలుగు కొట్టేసి, పక్కన ఐదు వేశాను.